మా రోజుల్లో పుస్తకం ఏదీ దాచేది కాదు

పాఠకుణ్ణి బట్టి మారే పుస్తకం నిన్న మొన్ననే పుట్టిందన్నట్టు మాట్లాడుతున్నారు. ఏ ప్రకటన చూసినా అదే మాట. మీ పిల్లవాడి స్థాయిని బట్టి పాఠం తనంతట తానే మారుతుందట, మీ వేగాన్ని బట్టి పుస్తకం నడుస్తుందట. మారనివ్వండి, మంచిదే. కానీ అంతకు ముందున్న పుస్తకాలన్నీ అందరినీ ఒకే గాటన కట్టేవని అంటే మాత్రం ఒప్పుకోను. విజయవాడ ప్రెస్సుల్లో సీసం అక్షరాలు ఏరి కూర్చాను. ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని పేజీలు కట్టాను. పుస్తకం మనిషికి తగ్గట్టు ఎక్కడ వంగాలో, ఎక్కడ వంగకూడదో మా తరానికి తెలుసు. ఆ తెలివిని పక్కన పడేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు. నా కోపం అందుకే.

మా రోజుల్లో టీకా తాత్పర్యాలతో వచ్చే కావ్యం ఎలా ఉండేదో చూడండి. పైన పద్యం పెద్ద టైపులో, దాని కింద ప్రతిపదార్థం చిన్న టైపులో, ఆ తర్వాత తాత్పర్యం, చివర అలంకారమో వ్యాకరణమో చెప్పే విశేషాలు. వేదం వెంకటరాయశాస్త్రి గారు శృంగార నైషధానికి సర్వంకష వ్యాఖ్య రాసినా, తిరుమల తిరుపతి దేవస్థానం వారు కవిత్రయ భారతాన్ని అర్థతాత్పర్యాలతో అచ్చువేసినా ఉద్దేశం ఒకటే. కథ తెలిస్తే చాలనుకునేవాడు తాత్పర్యం చదువుకుంటాడు. మాట మాటకూ అర్థం కావాలనేవాడు ప్రతిపదార్థం చూస్తాడు. పండితుడు పద్యం చదివి, సందేహం వస్తేనే కిందికి దిగుతాడు. ముగ్గురు పాఠకులకు ఒకే పేజీ మూడు పుస్తకాలుగా పనికొచ్చేది. తాత్పర్యం దగ్గర ఆగిపోయినవాడికి కూడా ఆ పద్యం రోజూ కళ్ళ ముందే ఉండేది. నీకిది ఇంకా రాదు అని పుస్తకం దాన్ని దాచిపెట్టేది కాదు. ఏదో ఒక రోజు అతను తలెత్తి పద్యమే చదివేవాడు. అలా చదువు పెరిగినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు.

పెద్దబాలశిక్ష సంగతీ అంతే. అక్షరాల నుంచి గుణింతాలకు, గుణింతాల నుంచి చిన్న మాటలకు, అక్కడి నుంచి నీతివాక్యాలకు, ఎక్కాలకు, తెలుగు సంవత్సరాల పేర్లకు వరసగా నడిచే పుస్తకం అది. దాని మీద తరగతి అంకె ఉండేది కాదు. ఒకే పంతులు నడిపే బడిలో ఒకడు గుణింతం దిద్దుతుంటే, వాడి పక్కనున్నవాడు ఎక్కాలు వల్లించేవాడు. పంతులు అరుగు మీద నుంచి దిగి ఒక్కొక్కడి దగ్గరికీ వచ్చేవాడు. నీళ్ళు పెట్టే రైతు ఏ మడికి ఎంత కావాలో చూసి గండి కొట్టినట్టు, ఎవడికి ఎంత పాఠం చెప్పాలో చూసి చెప్పేవాడు. బెత్తం దెబ్బలూ ఉండేవి, వాటిని నేను మెచ్చుకోను. పాఠాన్ని పిల్లవాడికి తగ్గట్టు మార్చిన ఆ చూపునే మెచ్చుకుంటున్నాను.

గ్రంథాలయాలూ ఆ పనే చేశాయి. ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో మద్రాసులో ఉండగా గ్రంథాలయ శాస్త్రానికి 5 సూత్రాలు చెప్పారు. ప్రతి చదువరికీ అతనికి తగిన పుస్తకం ఉంటుందన్నది వాటిలో ఒకటి, ప్రతి పుస్తకానికీ దాన్ని కోరే చదువరి ఉంటాడన్నది మరొకటి. ఆ ఇద్దరినీ కలపడమే గ్రంథపాలకుడి పని. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్టు ఊళ్ళకు తీసుకెళ్ళారు. మా పేట గ్రంథాలయంలో ఉండే పెద్దాయన, మనం తిరిగిచ్చిన పుస్తకం చూసి, ఎలా ఉందని రెండు మాటలు అడిగి, తర్వాతిది తానే తీసి ఇచ్చేవాడు. ఎందుకు ఇస్తున్నాడో కూడా చెప్పేవాడు. వద్దంటే ఇంకొకటి తీసేవాడు. అందుకే ఆయన సలహా మాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

పడమటి దేశాల్లోనూ ఈ ఆలోచన కంప్యూటర్ల కన్నా ముందే కాగితం మీదికి వచ్చింది. 1950లలో అమెరికాలో నార్మన్ క్రౌడర్ అనే ఆయన పేజీలు వరసగా చదవక్కర్లేని పాఠ్యపుస్తకాలు తయారుచేశాడు. చిన్న పాఠం, దాని కింద ఒక ప్రశ్న, ఒక్కో జవాబు పక్కన ఒక్కో పేజీ అంకె. మీరు ఎంచుకున్న జవాబును బట్టి ఆ పేజీకి వెళ్ళాలి. సరైన జవాబైతే కొత్త పాఠం ఉంటుంది. తప్పైతే అది ఎందుకు తప్పో, మీరు ఎక్కడ పొరబడి ఉంటారో వివరించి మళ్ళీ ప్రశ్న దగ్గరికే పంపుతుంది. తప్పు చేసినవాడికి తప్పు గురించి చెప్పడం దాని గొప్పతనం. పైగా పుస్తకమంతా మీ చేతిలోనే ఉంటుంది. పేజీలు తిరగేస్తే వెళ్ళని దారులు కూడా కనిపిస్తాయి.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1990ల నడుమ పీటర్ బ్రుసిలోవ్‌స్కీ, ఆయన సహచరులు ఎల్మ్-ఆర్ట్, ఇంటర్‌బుక్ అనే ఎలక్ట్రానిక్ పాఠ్యపుస్తకాలు కట్టారు. వాటి లోపలి పని తీరు చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు అమ్ముతున్నవాటికి పునాది అదే. ప్రతి పేజీకీ రెండు జాబితాలు రాసిపెడతారు. ఇది చదవబోయే ముందు ఏమేమి తెలిసి ఉండాలన్నది మొదటిది. చదివాక ఏమేమి తెలుస్తాయన్నది రెండోది. పాఠకుడు ఏం చదివాడో, ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చాడో చూసి అతనికి ఏం తెలుసో లెక్క కడతారు. ఆ లెక్కను పేజీ జాబితాలతో పోల్చి విషయసూచికలో ప్రతి పాఠం పక్కనా ఒక రంగు చుక్క పెడతారు. పచ్చ చుక్క ఉంటే మీరు చదవడానికి సిద్ధమైన పాఠం. ఎర్ర చుక్క ఉంటే దానికి ముందు ఇంకేదో చదవాలి. ఎర్ర చుక్క ఉన్నా అక్కడికి వెళ్ళొద్దని ఎవరూ ఆపరు. పుస్తకం సలహా చెప్పి ఊరుకుంటుంది, నిర్ణయం పాఠకుడిది. మా గ్రంథాలయం పెద్దాయన పద్ధతీ ఇదే. ఆ పుస్తకాలు కట్టినవాళ్ళను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ఇప్పటి సంగతి చూడండి. మా మనవరాలికి వాళ్ళ బడివాళ్ళు ట్యాబ్‌లో లెక్కల పుస్తకం పెట్టారు. భిన్నాల అధ్యాయంలో కొన్ని తప్పులు చేసింది. పుస్తకం కిమ్మనకుండా సులువైన లెక్కలు ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్ల చకచకా చేసేసింది. అధ్యాయం పూర్తయిందని తెర మీద చప్పట్లు, నక్షత్రాలు. తీరా పరీక్షలో వేరే హారాలున్న భిన్నాల భాగహారం అడిగితే బిక్కమొహం వేసింది. ఇంటికొచ్చి ట్యాబ్ నా చేతికిచ్చి, “తాతయ్యా, నా పుస్తకంలో ఈ లెక్కలే లేవు, చూడు” అంది. వెతికాను. నిజంగానే లేవు. పక్కింటి పిల్లవాడి ట్యాబ్‌లో ఉన్నాయి. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే తరగతి, ఒకే పేరున్న పుస్తకం.

నన్ను బాధపెట్టేది ఇదే. పిల్ల వెనకబడితే సులువైన లెక్క ఇవ్వడం తప్పు కాదు, ఏ పంతులైనా ఇస్తాడు. కానీ పంతులు, “ఇవి చేశాక వాటి దగ్గరికి వద్దాం” అని చెప్పి ఇస్తాడు. తనకు ఇంకా రానిది ఒకటుందని పిల్లకు తెలుస్తుంది. తెలిస్తే అడుగుతుంది, రోషపడుతుంది, అమ్మనో నాన్ననో పట్టుకుంటుంది. అసలు ఉన్నదనే తెలియని దాన్ని ఎవరిని అడుగుతుంది? కాగితం పుస్తకంలో చదవని పేజీలు వేలికి తగిలేవి. పుస్తకం ఎంత మందం మిగిలిందో చూస్తే మనకెంత రాదో తెలిసేది. ఈ పుస్తకం ఆ మిగిలినదాన్ని కోసి పారేసి, నువ్వు పూర్తి చేశావని పిల్లకు చెబుతోంది. పిల్లకు చేసే అన్యాయం ఇంతకన్నా వేరే ఉండదు.

ఇంకో సంగతి. యంత్రానికి పిల్ల తెలివి తెలియదు. అది వేసేది అంచనా మాత్రమే. కార్బెట్, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో ప్రచురించిన పద్ధతి ఈ రంగంలో చాలామందికి ఆధారం. అందులో ఒక్కో నైపుణ్యానికి 4 అంకెలు ఉంటాయి. మొదటే వచ్చి ఉండే అవకాశం ఎంత, ఒక్కో ప్రయత్నంలో నేర్చుకునే అవకాశం ఎంత, రాకపోయినా ఊహించి సరిగ్గా కొట్టే అవకాశం ఎంత, వచ్చి కూడా పొరపాటున తప్పు చేసే అవకాశం ఎంత అని. జవాబు వచ్చిన ప్రతిసారీ అంచనాను సవరించుకుంటూ పోతారు. ఆ పద్ధతిని కట్టినవాళ్ళు నిజాయితీపరులు. గుడ్డి జవాబు, చేయి జారిన జవాబు రెండూ ఉంటాయని ఒప్పుకుని లెక్కలోకి తీసుకున్నారు. అమ్మేవాళ్ళు ఆ ఒప్పుకోలును మింగేసి, మీ పిల్లను మేం పూర్తిగా చదివేశాం అంటున్నారు. జ్వరంతో కూర్చున్న పిల్లకూ, పక్కన తమ్ముడు ట్యాబ్ లాక్కుంటున్న పిల్లకూ, నిజంగా లెక్క రాని పిల్లకూ తేడా తెర మీద పడిన వేలిని బట్టి యంత్రానికి తెలియదు. పంతులు, “ఎలా చేశావో చెప్పు” అని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

దీనికి మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. ఇంగ్లండులో సూసన్ బుల్, సిడ్నీలో జూడీ కే లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చినదేమిటంటే, యంత్రం నా గురించి ఏమనుకుంటోందో నాకే చూపించాలి, తప్పైతే సవాలు చేసే వీలు ఇవ్వాలి అని. ఈ పాఠం నీకు రాదనుకుంటున్నాను అని పుస్తకం అంటే, వచ్చు, పరీక్షించి చూడు అని పిల్ల అనగలగాలి. ఇదేమీ కష్టమైన సాంకేతికం కాదు. ఒక పేజీ తెరిచి చూపిస్తే చాలు. చూపించడం లేదంటే చూపించాలన్న మనసు లేకనే.

మరికొందరు మీ పిల్ల కళ్ళతో నేర్చుకునే రకం, మీ పిల్లవాడు చెవులతో నేర్చుకునే రకం అని చీటీ అతికించి అందుకు తగ్గ పుస్తకం అమ్ముతారు. 2008లో పాష్లర్, మెక్‌డేనియల్, రోరర్, బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వడపోసి చూశారు. అలా రకాన్ని బట్టి బోధిస్తే ఎక్కువ వస్తుందని నమ్మడానికి చాలినంత రుజువు లేదని తేల్చారు. త్రిభుజం బొమ్మ లేకుండా ఎవరికీ అర్థం కాదు, పద్యం నడక వినకుండా ఎవరికీ పట్టుబడదు. విషయాన్ని బట్టి కన్నో చెవో ముందుకొస్తుంది. ఈ మాట మా తెలుగు మాస్టార్లు, లెక్కల మాస్టార్లు పరిశోధన చదవకుండానే ఆచరించారు.

కథల పుస్తకాల జోలికీ వస్తున్నారు. కష్టమైన వాక్యాన్ని యంత్రం అక్కడికక్కడే సులువు చేసి పెడుతుందట. మా రోజుల్లోనూ సంగ్రహాలు ఉండేవి. పిల్లల కోసం భారత భాగవతాలను కుదించి రాసినవారెందరో. కానీ అట్ట మీద సంగ్రహమని ఉండేది, కుదించినవారి పేరు ఉండేది. తప్పుంటే ఉత్తరం రాసి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు రచయిత పేరు కిందే రచయిత రాయని వాక్యం నిలబడుతోంది, దానికి జవాబుదారీ ఎవరూ లేరు. కొన్న పుస్తకం మన చేతిలో ఉన్నా మనది కాదనే సంగతి 2009లోనే బయటపడింది. హక్కుల తగాదా వచ్చి అమెజాన్ సంస్థ జార్జ్ ఆర్వెల్ నవల 1984 ప్రతులను కొన్నవాళ్ళ కిండిల్‌లోంచి దూరం నుంచే చెరిపేసింది. తర్వాత క్షమాపణ చెప్పింది. మొత్తం పుస్తకాన్నే తీసేయగలిగినవాళ్ళకు ఒక పేరా మార్చడం ఎంత పని?

కొత్త పుస్తకానికి నేను శత్రువును కాను. కాగితం ఎన్నటికీ చేయలేని మేలు ఒకటి అది చేయగలదు. కంటికి తగ్గట్టు మారగలదు. మా రోజుల్లో అక్షరం పెద్దది కావాలంటే పుస్తకం మొత్తం మళ్ళీ కూర్చాల్సిందే. 12 పాయింట్ల ఫారాన్ని 18కి మార్చాలంటే కేసు మారాలి, పేజీలు మారాలి, కాగితం ఖర్చు పెరగాలి. చూపు మందగించిన పెద్దవాళ్ళు అందుకే చదువు మానేసేవాళ్ళు, లేదా మనవల్ని బతిమాలి చదివించుకునేవాళ్ళు. 2007లో వచ్చిన ఈపబ్ పద్ధతిలో పాఠం నీళ్ళలా పరుచుకుంటుంది. అక్షరం పెంచితే పంక్తులు తమంతట తామే సర్దుకుంటాయి. చూపు లేనివారికి అదే పాఠాన్ని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. చూపు లేనివారికి అందే రూపంలో పుస్తకాలు తయారుచేసుకునే హక్కు కోసం 2013లో మరకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో దాన్ని అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మన దేశమే. ఇది గర్వించాల్సిన విషయం.

మరి మన తెలుగు ఈ-పుస్తకాల సంగతి? చాలావరకు పీడీఎఫ్‌లే. అచ్చు పేజీకి ఫోటో తీసి ఫోనులో పెట్టినట్టు ఉంటాయి. అక్షరం పెంచితే పంక్తి తెర దాటిపోతుంది. కుడికి జరిపి, ఎడమకు జరిపి, ఏ పంక్తిలో ఉన్నామో మర్చిపోయి విసుగెత్తి మూసేస్తాం. స్కాన్ చేసిన పేజీ ముందు స్క్రీన్ రీడర్ మూగబోతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా మన ప్రచురణ రంగం దశాబ్దాల పాటు పాత డీటీపీ ఫాంట్లనే పట్టుకుని వేలాడింది. ఆ ఫైళ్ళలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది వేరే గుర్తులు. వెతికితే మాట దొరకదు, చదివిస్తే అర్థం లేని శబ్దాలు. 2016లో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైతే ఆ ఐదింటిలో తెలుగు లేదు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకు ఆ గతి పట్టినందుకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యూనికోడ్‌లో చేసినవైనా శ్రద్ధగా చేస్తున్నారా అంటే అదీ లేదు. ఇంగ్లీషు పుస్తకానికి పెట్టిన పంక్తుల ఎడమే తెలుగుకూ పెడతారు. మనకు పైన గుడి, కింద ఒత్తు. పై పంక్తి ఒత్తు వచ్చి కింది పంక్తి గుడిని గుద్దుకుంటుంది. కంపోజింగ్ నేర్చుకునే కుర్రాడికి మేము మొదట చెప్పే పాఠం పంక్తుల మధ్య తగినంత లెడ్డు వేయమనే. పంక్తి చివర మాట విరవాల్సి వస్తే ఎక్కడ విరవాలో అప్పుడే నేర్పేవాళ్ళం. ఒత్తును దాని హల్లు నుంచి ఊడదీయకూడదు, వినేవాడికి మాట తెగినట్టు అనిపించని చోట విరవాలి. ఇప్పుడు సమాసం వస్తే మొత్తం కింది పంక్తికి తోసేసి, పై పంక్తిలో మాటల మధ్య సందులు వదిలేస్తున్నారు.

పాఠం కష్టమా సులువా అని కొలిచే కొలతలూ అరువువే. ఇంగ్లీషులో మాటకు ఎన్ని అక్షరధ్వనులు, వాక్యానికి ఎన్ని మాటలు అని లెక్కపెట్టి స్థాయి తేల్చే సూత్రాలు 1940ల నుంచీ ఉన్నాయి. వాటిని తెచ్చి తెలుగు మీద పెడితే ఏమవుతుంది? “వెళ్ళనివ్వకపోయేవాళ్ళట” అన్న మాట బారెడు, అయినా ఐదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. “ఋతం” అన్నది రెండక్షరాలే, పెద్దవాళ్ళలో ఎంతమందికి తెలుసు? విభక్తులూ ప్రత్యయాలూ కలుపుకుని మాట పెరిగే భాషకు మాట పొడవుతో కష్టం కొలవకూడదు. ఒక ప్రాంతంలో పసిపిల్లకు తెలిసిన మాట ఇంకో ప్రాంతంలో కొత్త. శ్రీకాకుళం పిల్లకూ, ఆదిలాబాదు పిల్లకూ, అనంతపురం పిల్లకూ ఏ మాటలు ఇంట్లో వినబడతాయో తెలిసినవాళ్ళు కూర్చుని చేయాల్సిన పని ఇది. దీన్ని చేయకుండా పుస్తకం మీ స్థాయికి మారుతుందని చెప్పడం మోసం.

పుస్తకాలను అసలైన పాఠంగా మార్చే పనైనా చేస్తున్నవాళ్ళు ఉన్నారు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్‌లను పేజీ పేజీ సరిచూసి పాఠంగా మారుస్తున్న స్వచ్ఛంద కార్యకర్తలకు చేతులెత్తి నమస్కరిస్తాను. ప్రూఫు దిద్దడమంటే ఏమిటో తెలిసినవాడిని కాబట్టి వాళ్ళ శ్రమ విలువ నాకు తెలుసు. మారే పుస్తకానికి మొదటి ఇటుక వాళ్ళు వేస్తున్నారు. జీతాలిచ్చి చేయించాల్సిన సంస్థలు చేయని పని వాళ్ళు ఊరికే చేస్తున్నారు.

కాబట్టి ప్రచురణకర్తలకూ, పుస్తకాలు కట్టే ఇంజనీర్లకూ, బడుల్లో వాటిని కొనే పెద్దలకూ ఒక ముసలి కంపోజిటరుగా చెబుతున్నాను. ముందు మన పుస్తకాలను అసలైన పాఠంగా మార్చండి. ఒత్తులు గుద్దుకోకుండా, చెవికి వినబడేలా, వెతికితే దొరికేలా చేయండి. ఆ తర్వాత పాఠాన్ని మార్చే తెలివి చూపించండి. మార్చిన ప్రతిసారీ మార్చామని చెప్పండి. మారని మూలాన్ని ఒక్క వేలి తాకుడు దూరంలో ఉంచండి. చదవనిది ఎంత మిగిలిందో విషయసూచికలో పూర్తిగా కనిపించాలి. యంత్రం నా గురించి వేసుకున్న అంచనాను నాకూ, పిల్లయితే పిల్లకూ, మాస్టారికీ చూపించండి, దిద్దే హక్కు ఇవ్వండి. కుదించినా, సులువు చేసినా ఎవరు చేశారో పేరు పెట్టండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్లకు అలాంటి పుస్తకం ఇస్తే, పుస్తకం ఎంత బాగుందని కాదు, ఇందులో మా పిల్లకు చూపించనిది ఏముందని అడగండి. జవాబు చెప్పలేనివాళ్ళ పుస్తకం కొనకండి.